వేప పుల్లలో రెండో సగం

వృత్తి విరమణ అనగానే నెరిసిన జుట్టు గుర్తుకు వస్తుంది. నా జుట్టు ఇంకా నెరవలేదు. చెవి, ముక్కు, గొంతు శస్త్రవైద్యురాలిగా 2009లో చేరిన నర్సింగ్ హోమ్‌ను 2014లో విడిచిపెట్టాను. వేళ్ళ కీళ్ళకు పట్టిన వాతం క్రమంగా ముదిరి, పనిముట్టును నిలకడగా పట్టనివ్వని స్థితికి వచ్చింది. పసిపిల్లల గొంతులో పనిచేసే చేతికి వణుకు ఉండకూడదు. ప్రతి విషయానికీ ప్రతివాదం వెతికే అలవాటున్న నాకు ఈ ఒక్క వాక్యానికి ప్రతివాదం దొరకలేదు.

ఈ విభాగంలోకి కొత్తగా వస్తున్న వైద్యులు అప్పుడప్పుడు నన్ను కలిసి, పని ఎలా ఉంటుందని అడుగుతారు. ఏ శస్త్రచికిత్స ఎలా చేయాలో వారికి పుస్తకాలు చెబుతాయి, ఏ పదవికి ఎలా ఎదగాలో పెద్దలు చెబుతారు. ఆ రెండింటిలోనూ లేని సంగతి ఒకటుంది. దాన్ని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నోట్లో గాయం

మా నర్సింగ్ హోమ్ నారాయణగూడ నుంచి చిక్కడపల్లి వచ్చే దారిలో ఒక సందులో ఉండేది. అశోక్ నగర్, బాగ్ లింగంపల్లి, లోయర్ ట్యాంక్ బండ్, అంబర్‌పేట్ నుంచి పిల్లలను ఎత్తుకుని వచ్చేవారు. వచ్చే పిల్లల్లో కొందరికి నోటి లోపల గాయం ఉండేది. టూత్ బ్రష్ నోట్లో పెట్టుకుని పరుగెత్తి పడ్డవారు, పెన్సిల్ కొరుకుతూ మంచం మీద నుంచి దూకినవారు, ఐస్‌క్రీమ్ పుల్లతో, స్టీలు చెంచాతో, పతంగి దారం చుట్టే చరఖా పిడితో పడ్డవారు. కత్తి, సూది, బ్లేడు అరుదు. వాటిని తల్లులు ఎత్తైన చోట దాచిపెడతారు. గాయం చేసేవి ఎవరూ దాచని వస్తువులే.

ఈ గాయాలు చాలావరకు వాటంతట అవే మానుతాయి. నోటి లోపలి పొరకు ఆ శక్తి ఉంది. పొద్దున రక్తం ఉమ్మిన పిల్లవాడు సాయంత్రానికి ఇడ్లీ అడుగుతాడు. ఈ విభాగంలో అతి పెద్ద ప్రమాదం అదేనని నా అభిప్రాయం. నూరు గాయాలు హాని చేయకుండా మానితే, నూట ఒకటవ గాయాన్ని మనం చూడకుండానే చూశామనుకుంటాం.

అలాంటి గాయాన్ని నేను చేరిన తొలి నెలల్లోనే చూశాను. చిక్కడపల్లి నుంచి ఒక పాప వచ్చింది. టూత్ బ్రష్‌తో పడింది. గాయం అంగిలి మధ్యలో కాక, పక్కగా, టాన్సిల్ దగ్గర ఉంది. రక్తం ఆగిపోయింది. మా పెద్ద డాక్టరు నరహరి గారు చూసి, మందులు రాసి ఇంటికి పంపారు. మరునాడు మధ్యాహ్నం ఆ పాప అన్నం ముద్ద పట్టుకోలేకపోయింది. కుడి చెయ్యి లేవలేదు, మూతి ఒక పక్కకు వంగింది.

గొంతు పక్క గోడ వెనుక మెదడుకు రక్తం తీసుకుపోయే పెద్ద నాళం ఉంటుంది. బ్రష్ దాన్ని కోయలేదు, కేవలం గట్టిగా నొక్కింది. నాళం లోపలి పొర నలిగి, అక్కడ నెమ్మదిగా రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరింది. దెబ్బకూ పక్షవాతానికీ మధ్య పాప హాయిగా ఆడుకున్న ఒక రాత్రి ఉంది.

ఆ పాప బతికింది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకుంది.

నరహరి గారు

ఆయన గురించి నిష్పక్షపాతంగా చెప్పాలి. ఆయన చెయ్యి అద్భుతం, ఓపిక తక్కువ. భోజన వేళకు వరండా ఖాళీ కావాలని కోరుకునేవారు. ప్రశ్నలంటే చిరాకు. "ఏమ్మా, మూడో ప్రశ్న అడిగెటోళ్ళు మొదటి జవాబు విననోళ్ళు," అని నన్ను ఎత్తిపొడిచేవారు.

కానీ ఆ పాప తండ్రిని తన గదిలో కూర్చోబెట్టి, నా ఎదుటే ఆయన అన్న మాట ఇది: "మీ బిడ్డను నేను ఇంటికి పంపకుండ ఉండాల్సింది. నాకు తెలిసి గూడ పంపిన." విధి అనలేదు, అరుదైన కేసు అనలేదు. ఆ తండ్రి లేచి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి మా దగ్గర ఒక నియమం వచ్చింది. పక్క గాయమైతే, పిల్లవాడు ఎంత బాగున్నా, ఇల్లు ఎంత దగ్గరైనా, ఆసుపత్రిలోనే ఉంచి చూడాలి.

నేను ఇంకో నియమం జోడించాను. తగిలిన వస్తువును వెంట తీసుకురమ్మని ఇంటివారికి చెప్పాలి. దాని పొడవు, మొన, చివర విరిగిందా లేదా చూస్తే, లోపల ముక్క మిగిలిందేమో తెలుస్తుంది. కళాశాల చర్చా పోటీల్లో మాకు తర్ఫీదు ఇచ్చిన అధ్యాపకుడు, సాక్ష్యాన్ని గురించి మాట్లాడే ముందు సాక్ష్యాన్ని బల్ల మీద పెట్టమనేవారు. ఆ పద్ధతిని వైద్యంలోకి తెచ్చానని నాకు లోలోపల గర్వంగా ఉండేది.

బంద్ ముందు రోజు

తెలంగాణ ఉద్యమం రోజులవి. అశోక్ నగర్‌లో హాస్టల్ కుర్రాళ్ళు పుస్తకాలు మూసి ఆర్టీసీ చౌరస్తాకు నడిచేవారు. బంద్ అన్న రోజున రోడ్డు మీద ఆటో కూడా కనిపించేది కాదు. మరునాడు బంద్ ఉందనగా ఒక ఉదయం వంశీ అనే నాలుగేళ్ళ పిల్లవాణ్ణి తీసుకువచ్చారు. తల్లి సుజాత అశోక్ నగర్‌లో ఇంటి పైభాగాన్ని పోటీ పరీక్షలకు చదివే కుర్రాళ్ళకు హాస్టల్‌గా ఇచ్చి, వారికి వంట చేసిపెట్టేది. వెంట ఆమె మామగారు మల్లయ్య ఉన్నారు. భార్య పోయాక ఊరు విడిచి కొడుకు దగ్గరకు వచ్చిన మనిషి. వంశీ తండ్రి ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉన్నాడు.

వేప పుల్ల నోట్లో పెట్టుకుని పరుగెత్తి, గడప తగిలి పడ్డాడని చెప్పారు. నోరంతా పసుపు. గాయం మీద ఇంట్లో అద్దిన పసుపును కడిగి చూసేసరికే కొంత సమయం పట్టింది. గాయం అంగిలి మధ్యగీతకు కొద్దిగా కుడివైపున ఉంది. పక్క గాయమని ఖచ్చితంగా అనలేం, మధ్య గాయమనీ అనలేం. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మా నియమం ప్రకారం పుల్లను తెమ్మంటే, మల్లయ్య గారు ఇంటికి నడిచి వెళ్ళి తెచ్చారు. శుభ్రంగా ఉన్న పుల్ల, చిటికెన వేలంత లావు, రెండు చివరలూ నిండుగా ఉన్నాయి. నరహరి గారు దాన్ని తిప్పి చూసి బల్ల మీద పెట్టారు.

"పుల్ల సాబూతుగ ఉంది, యాడ ఇరగలే. లోపల ఏం లేదు. మందులు రాస్త, తీస్కపోండి," అన్నారు.

సుజాత ముఖం తేటపడింది. "అవ్ సార్, ఇయ్యాల్నే పోతం. రేపు బంద్ అంటున్నరు, బండ్లు దొర్కవు. పైన పోరగాండ్లకు వంట గూడ చెయ్యాలె. వీడు పాలు తాగిండు, మంచిగనే ఉన్నడు."

వంశీ నిజంగానే బాగున్నాడు. మంచం కింద దూరి సిస్టరు చెప్పులు తొడుక్కుంటున్నాడు. చిక్కడపల్లి పాప కూడా ఇంటికి వెళ్ళేటప్పుడు ఇలాగే ఉంది. ఇతనికి ఏదైనా జరిగితే, అది రేపే జరుగుతుంది. రేపు ఆటో దొరకదు.

నేను మళ్ళీ దీపం వేసి గాయాన్ని చూశాను. గుండ్రని పుల్ల గుచ్చుకుంటే గుండ్రని గాయమో, అంచులు నలిగిన గాయమో కావాలి. ఇది సన్నని చీలిక. అంచులు తెగినట్టున్నాయి.

"ఈ పుల్ల వంశీకి ఎవరిచ్చారు?" అని అడిగాను. ఆగకుండా ఇంకా అడిగాను. "పడినప్పుడు నోట్లో ఉన్నది ఇదేనా? అప్పుడు పక్కన ఎవరున్నారు? బయటికి తీసింది ఎవరు?"

మల్లయ్య గారు నేల చూశారు. సుజాత ఆయన వైపు తిరిగింది.

"నేను చెప్పలేదా మామా? ఇంట్ల బ్రష్ ఉండంగ గా పుల్లలేంది అని ఎన్నిసార్లు మొత్తుకున్న? మీరు చేసిందే వాడు చేస్తడు. మీకు ఊరలవాట్లు పోవు, వానికి అవే నేర్పుతరు."

"గదే చెట్టు పుల్ల మేడం," అన్నారు మల్లయ్య గారు. నేను ఇంకో ప్రశ్న వేశాను. ఆయన కండువాతో ముఖం తుడుచుకుని గోడ వైపు తిరిగారు.

నరహరి గారు నన్ను వరండాలోకి పిలిచారు. "ఇది నీ కాలేజీ స్టేజీ కాదు. ముసలాయనను ముద్దాయి లెక్క నిలవెట్టినవ్. ఇగ ఆయన నిజమే చెప్పినా నీకు ఇనరాదు."

"సార్, నేను అడిగిన తీరు తప్పే కావచ్చు. కానీ పుల్ల గుండ్రంగా ఉంది, గాయం గుండ్రంగా లేదు. ఈ రెంటిలో ఒకటి అబద్ధం. గాయం అబద్ధం చెప్పదు."

ఆయన లోపలికి వెళ్ళి, కుర్చీ వదిలి మల్లయ్య గారి పక్కన బెంచీ మీద కూర్చున్నారు.

"పెద్దాయనా, ఏ ఊరు మీది?"

చెప్పారు.

"మా నాయిన గూడ పాణం ఉన్నన్ని దినాలు వేపపుల్లనే. నేనే పట్నం వచ్చినంక ఇడిసిపెట్టిన, మర్సిపోయిన గూడ. ఎట్ల తోముతరు? జర చూపియ్యుండ్రి."

మల్లయ్య గారు కోడలి వైపు చూసి, బల్ల మీది పుల్ల అందుకున్నారు. చివరను దవడ పళ్ళతో నమిలి కుంచెలా చేశారు. కుడివైపు, ఎడమవైపు, ముందు పళ్ళు, వరుసగా తోమి చూపించారు. ఆయన చేతుల్లోని బిగువు తగ్గింది. తోమడం అయిపోయాక, అలవాటు చొప్పున, రెండు బొటనవేళ్ళ గోళ్ళతో పుల్లను నిలువునా చీల్చారు. ఒక సగాన్ని విల్లులా వంచి నాలుక మీద గీసుకోబోయి, అందరం చూస్తున్నామని గుర్తొచ్చి ఆగిపోయారు.

పుల్ల పోయింది, ఆయన చేతిలో రెండు బద్దలున్నాయి. ఒకవైపు పచ్చని తోలు, ఇంకోవైపు తెల్లని చెక్క, అంచు కత్తిలా ఉంది. నాలుక గీసుకోవడానికి అలా చీలుస్తారన్నది ఆ ప్రాంతపు పల్లెల్లో పుట్టినవారెవరికైనా తెలిసిన సంగతి. నాకు తెలియదు. నరహరి గారికి తెలిసీ గుర్తు రాలేదు.

"పొద్దుగాల గూడ చీల్చిండ్రా?" నరహరి గారు మెల్లగా అడిగారు.

"చీల్చిన సార్. ఒక బద్దతోని నాలిక గీసుకున్న. రెండోది నల్లా కాడ గట్టు మీద పెట్టి మొఖం కడుక్కుంటున్న. పోరడు గది తీసుకొని నోట్లె పెట్టుకున్నడు. నన్ను చూసి నవ్వుకుంట ఉరికిండు."

"ఆ బద్ద ఏమైంది?"

"వాడే గుంజి ఇసిరేసిండు. నేను మోరీ నీళ్ళల్ల పారేసిన."

"మరి మేడం అడిగితే గీ కొత్తది ఎందుకు తెచ్చిండ్రు?"

మల్లయ్య గారు మొదటిసారి నా వైపు నేరుగా చూశారు. "అది ఎంగిలిది బిడ్డా. నా ఎంగిలి, పోరని ఎంగిలి, నెత్తురంటింది. గసొంటిది తెచ్చి డాక్టరమ్మ చేతుల పెడ్తరా ఎవరన్న? చెట్టు అదే. గందుకే కడిగి మంచిది తెంపుకొచ్చిన."

"పారేసేటప్పుడు దాని కొస విరిగినట్టు కనబడ్డదా?"

"చూడలే సార్. పోరడు ఏడుస్తుండె."

సుజాత వంశీని దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

గాలికి అంచు ఉండదు

ఆ మధ్యాహ్నమే స్కాన్ చేయించాం. గొంతు పక్కన, పెద్ద నాళానికి ఆనుకుని, సన్నని నల్లని గీత కనిపించింది. గాయం గుండా చొరబడిన గాలి కావచ్చునన్నారు స్కాన్ చదివిన వైద్యుడు. అది అసమంజసమైన మాట కాదు. చెక్క ముక్క ఎక్స్‌రేలో కనిపించదు, స్కాన్‌లో చాలాసార్లు గాలిలాగే కనిపిస్తుంది. వేప బద్ద సంగతి ఆయనకు చెప్పి, "గాలికి ఇంత తిన్నని అంచు ఉంటుందా సార్?" అని అడిగాను. ఆయన బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశారు. ఉండదన్నారు.

మా నర్సింగ్ హోమ్‌లో ఆ పని చేయకూడదని నరహరి గారు నిర్ణయించారు. కొత్తవారు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. మన చెయ్యి ఎంత మంచిదైనా, నాళం తెగితే ఆదుకునే మనిషి పక్కన లేని చోట ఆ ముక్కను తాకకూడదు. బంద్ మొదలుకాకముందే వంశీని పెద్ద ఆసుపత్రికి మార్చాం. రక్తనాళాల సర్జన్ చేతులు కడుక్కుని సిద్ధంగా నిలబడ్డారు. నరహరి గారు ముక్కను బయటికి తీశారు. అగ్గిపుల్ల కంటే కొంచెం పొట్టిది, ఒకవైపు ఇంకా పచ్చగానే ఉంది. నాళం నలగలేదు. నాళానికీ దానికీ మధ్య ఉన్న సందును ఎంతని చెప్పను? నేను పట్టుకున్న పరికరపు మొన అందులో పట్టలేదు.

ఆ ముక్కతోనే వంశీ ఇంటికి వెళ్ళి ఉంటే, మరునాడో, చీము పట్టి వారానికో ఆ నాళానికి ఏమయ్యేదో చెప్పలేను. చెప్పవలసిన అవసరం రాకపోవడమే మా అదృష్టం.

నా మీద నేను చేసే వాదన

చర్చా పోటీల్లో ఒక మర్యాద ఉండేది. ఎదుటివారి వాదనను వారికంటే బలంగా చెప్పగలిగితేనే దాన్ని ఖండించే హక్కు వస్తుంది. కాబట్టి నాకు వ్యతిరేకమైన వాదనను ముందు చెబుతాను. నోట్లో దెబ్బ తగిలిన ప్రతి పిల్లవాణ్ణీ ఆసుపత్రిలో పడుకోబెడితే, ప్రతి ఒక్కరికీ స్కాన్ తీస్తే, ఒకరిని కాపాడే పేరుతో ఎందరినో భయపెడతాం, అవసరం లేని కిరణాలకు గురిచేస్తాం. ఇది సరైన వాదనే. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. గాయం ఎక్కడుందో చూడండి, పక్కనుంటే పంపకండి. గాయం ఆకారమూ వస్తువు ఆకారమూ కలవకపోతే, కలిసేదాకా వదలకండి. గుచ్చుకుని ఉన్నదాన్ని ఇంటివారు పీకకూడదని, పసుపు, కాఫీ పొడి నోట్లో కూరకూడదని అడిగినా అడగకపోయినా చెప్పండి. ఇంతవరకే నేను నమ్మకంగా అనగలను.

ఇక ప్రశ్న సంగతి. ప్రశ్నే నా ఆయుధమని కళాశాలలో నేర్చుకున్నాను. ఎదుటివాడు తప్పించుకునే దారులన్నీ మూసి, చివరి దారిలో నిలబెట్టి అడగాలి. పిల్లవాడి దెబ్బ విషయంలో అటువంటి ప్రశ్న అడిగితే, ఆ ఇంట్లో ముందే అపరాధ భావంతో ఉన్న మనిషి ఇంకా లోపలికి ముడుచుకుంటాడు. మల్లయ్య గారు నాకు అబద్ధం చెప్పలేదు. ఆయన నాకు మర్యాద చేశారు. వస్తువును తెమ్మన్న నా నియమంలో, ఎంగిలిని పెద్దల చేతికి ఇవ్వకూడదన్న ఆయన నియమానికి చోటు లేదు. ఆ తరువాత నేను "తగిలిన వస్తువు తెండి" అనడం మాని, "కడగకుండా, మార్చకుండా, ఎంత మురికిగా ఉన్నా కవర్లో వేసి అదే తెండి, మాకేం పట్టింపు లేదు" అని చెప్పేదాన్ని. చెప్పేటప్పుడు గదిలో అందరికంటే పెద్దవారి వైపు చూసి చెప్పేదాన్ని.

తిరిగి చూపించడానికి వచ్చినప్పుడు

గాయం మానాక వంశీని మా దగ్గరకే తెచ్చారు. మల్లయ్య గారు లోపలికి రాలేదు. తలుపు బయట, చెప్పులు విడిచే చోట నిలబడ్డారు. నేను లోపలికి వస్తుంటే ఆపి మెల్లగా అన్నారు: "పోరడు మంచిగైండని మీరు ఒక్క మాట చెప్తే, నేను ఊరికి పోత బిడ్డా. ఆడ ఒక్కన్ని ఉండుడు నాకు కష్టం గాదు. ఈడ నేనుంటే వాడు మళ్ళ నన్ను చూస్తడు, నేను చేసిందే చేస్తడు."

నేను సుజాతతో ఆ మాట చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. వైద్యురాలి హద్దు ఎక్కడిదాకా అన్నది మంచి చర్చనీయాంశమే. ఈలోగా వంశీని కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరవమన్నాను. వాడు పెదవులు బిగించాడు. నాలుగేళ్ళవాడు, మత్తు సూదులు గుర్తున్నవాడు, ఎందుకు తెరుస్తాడు? సిస్టరు చాక్లెట్ చూపింది. నరహరి గారు గడియారం చూశారు. సుజాత బతిమాలింది, కసిరింది, దవడ పట్టుకుంది. వాడు మూతి ముడుచుకుని తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

సుజాత కూడా అటు చూసింది. వాడి దవడ వదిలి, గొంతు పెంచకుండా పిలిచింది.

"మామా, లోపటికి రాండ్రి. ముందు మీరు తెరువుండ్రి. మీరు చేసిందే వాడు చేస్తడు."

మల్లయ్య గారు వచ్చి మనవడి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, నోరు పెద్దగా తెరిచారు. వంశీ ఆ నోట్లోకి తొంగి చూశాడు. తరువాత తన నోరు అంతకంటే పెద్దగా తెరిచాడు. నేను దీపం వేశాను.